కొవ్వొత్తి వెనుక షెవ్రూల్

కొవ్వొత్తి అనే మాటలోనే కొవ్వు ఉందన్న సంగతి, కరెంటు పోయిన ఓ రాత్రి ఆర్గానిక్ కెమిస్ట్రీ బట్టీ వేస్తుంటేగాని నాకు తట్టలేదు. ఆ రాత్రి పాఠంలో తగిలినవాడే మిషెల్ యూజీన్ షెవ్రూల్.

1786లో ఫ్రాన్సులోని ఆంజే పట్టణంలో పుట్టాడు. వోక్లాన్ శిష్యుడు. సబ్బంటే కొవ్వూ క్షారమూ కలిసిన ముద్దేనని అందరూ అనుకునే రోజుల్లో, 1811లో, పందికొవ్వు సబ్బును పట్టుకుని విడగొట్టడం మొదలెట్టాడు. క్షారం కొవ్వును గ్లిసరిన్‌గానూ ఆమ్లాలుగానూ చీలుస్తుందని తేల్చాడు. పశువుల కొవ్వులో స్టియరిక్, వెన్నలో బ్యుటిరిక్, మేక పేరు మోసే కాప్రిక్, ఇలా ఒక్కొక్కటీ బయటపెట్టి 1823లో పుస్తకం వేశాడు.

పాత కొవ్వు వత్తులు పొగ, కంపు. స్టియరిక్ ఆమ్లమో, గట్టిది, దాదాపు 69 డిగ్రీల సెంటిగ్రేడు దాకా కరగదు. దానితో వత్తులు చేయడానికి 1825లో గే-లుస్సాక్‌తో కలిసి పేటెంటు పుచ్చుకున్నాడు. వ్యాపారం అచ్చిరాలేదు, లాభం తర్వాతివాళ్లు చేసుకున్నారు.

ముత్యంలా మెరిసిందని ఒకదానికి మార్గరిక్ ఆమ్లమని పేరు పెట్టాడు. 1850లలో హైంట్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అది పామిటిక్, స్టియరిక్ ఆమ్లాల మిశ్రమమేనని చూపించాడు. మన ప్రాక్టికల్స్‌లో శుద్ధి తేల్చే ద్రవీభవన స్థానం పరీక్షను వాడుకలోకి తెచ్చినవాళ్లలో ఈయనొకడు. పాపం, ఆ పరీక్షే ఇక్కడ ఆయన్ని మోసం చేసింది!

1889 ఏప్రిల్ 9న, 102 ఏళ్లు నిండాక, పారిస్‌లో కన్నుమూశాడు. ఈఫిల్ టవరు ప్రారంభమై అప్పటికి తొమ్మిది రోజులు. దానిమీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఉంది.