ఓడిన ఇంటి బిడ్డ – జాయప సేనాని

చదువు కోసం ఇల్లు విడిచి వచ్చిన హాస్టల్ మిత్రులకు, ఎనిమిది వందల ఏళ్ళ నాడు ఇల్లు విడిచిన ఒక దివిసీమ కుర్రవాడి జీవితం చెప్పాలనుకున్నాము. ఆయనే జాయప సేనాని. నాట్యం నేర్చినవారికి ఆయన నృత్తరత్నావళి రాసిన పండితుడు. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే మన సీనియర్లకు ఒక మార్కు బిట్టు. ఓడిపోయిన ఇంటి బిడ్డ అన్న సంగతి మాత్రం బిట్లలో రాదు.

కృష్ణానది సముద్రంలో కలిసేచోట దివిసీమను అయ్య వంశంవారు ఏలేవారు. వెలనాటి చోళులకు సామంతులు, కత్తి పట్టిన కుటుంబం. జాయప తండ్రి పినచోడి. 1201 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు తీరాంధ్రం మీదికి దండెత్తి దివిని గెలిచాడు. (తరువాత మన కొల్లేటి కొలను రాజ్యం కూడా ఆయన కాలంలోనే కాకతీయుల కిందికి వచ్చింది.) గెలిచినవాడు ఆ ఇంటిని తుడిచిపెట్టలేదు. పినచోడి కుమార్తెలు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు. చిన్నవాడైన జాయపను ఓరుగల్లు తీసుకుపోయాడు. ఇల్లు గెలిచినవాడే బావగారయ్యాడన్నమాట! చరిత్ర పుస్తకాలు దీన్ని రాజనీతి అని మెచ్చుకుంటాయి. ఆ రాజనీతికి వెల చెల్లించింది ఇద్దరు ఆడపిల్లలని మేమనుకుంటాము. శాసనాల్లో తాతముత్తాతల పరాక్రమానికి ఉన్నంత చోటు వారికి లేదు.

ఓరుగల్లులో జాయప గుండామాత్యుని వద్ద నాట్యశాస్త్రం చదివాడు. యుద్ధవిద్యా నేర్చాడు. పెద్దయ్యాక గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి అయ్యాడు. వెలనాటి పాలన ఆయన చేతికి వచ్చింది. ముఖ్యపట్టణం తామ్రపురి, నేటి గుంటూరు జిల్లా చేబ్రోలు. గూడెం ప్యాసింజర్‌లో మనకు తగిలే చేబ్రోలు కాదు సుమా! ఆయన బిరుదు వైరిగోధుమఘరట్ట, శత్రువులనే గోధుమలను పిండి చేసే తిరగలి అని. వరి పండే డెల్టాలో పుట్టినవాడికి గోధుమల బిరుదేమిటో, మన హాస్టల్ చపాతీల రోజు గుర్తొచ్చి నవ్వుకున్నాము.

అధికారం వచ్చాక ఆయన కట్టించిన గుళ్ళు చూడండి. చేబ్రోలులో తండ్రి పేర చోడేశ్వరాలయం. 1213 నాటి శాసనం అక్కడిదే. దివిసీమలో బావ పేర గణపేశ్వరాలయం. 1231 నాటి శాసనంలో తన వంశం కథంతా చెక్కించాడు. ఓడినవారి కథ సాధారణంగా గెలిచినవారే రాస్తారు. ఇక్కడ ఓడిన ఇంటి కొడుకే, గెలిచిన రాజు పేరున్న గుడిలో, తన తాతల పేర్లు రాయించుకున్నాడు. మాకు ఆయన గెలిచిన యుద్ధాలన్నిటికన్నా ఇదే పెద్దగా కనిపిస్తుంది.

1253-54లో నృత్తరత్నావళి పూర్తయింది. సంస్కృత గ్రంథం, ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు భరతుడు చెప్పిన మార్గ పద్ధతి. అంతవరకే రాసి ఆగితే పండితులు మాత్రమే తలచుకునేవారేమో. మిగిలిన నాలుగూ దేశి నృత్యాలకిచ్చాడు. పేరిణి, చిందు, కోలాటం వంటివి, జాతరల్లో వీధుల్లో జనం ఆడినవి, శాస్త్రంలోకెక్కాయి. ఆడినవారి పేర్లు ఎక్కలేదు, అది వేరే బాధ.

కాకతీయ రాజ్యం 1323లో పోయింది. పేరిణి కూడా మరుగున పడింది. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలను, ఈ గ్రంథాన్ని పక్కపక్కన పెట్టుకుని దాన్ని మళ్ళీ రంగస్థలం మీద నిలబెట్టారు. పుస్తకానికి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి తెలుగు అనువాదం ఉంది. లైబ్రరీలో అడిగి చూడండి.