ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్

ఫ్రెడరిక్ ట్రెండెలెన్‌బర్గ్ (మే 24, 1844 - డిసెంబరు 15, 1924) జర్మనీకి చెందిన ప్రముఖ శస్త్రవైద్యుడు. తుంటి కీలును పరీక్షించేటప్పుడు వైద్యులు నేటికీ చూసే ట్రెండెలెన్‌బర్గ్ గుర్తును 1895లో వివరించినది ఈయనే. రోగిని తల పల్లంగా, కటి ఎత్తుగా ఉండేటట్లు పడుకోబెట్టే భంగిమ కూడా ఈయన పేరుతోనే ప్రసిద్ధి చెందింది.

జననం, విద్య

ట్రెండెలెన్‌బర్గ్ బెర్లిన్ నగరంలో జన్మించాడు. ఈయన తండ్రి ఫ్రెడరిక్ అడాల్ఫ్ ట్రెండెలెన్‌బర్గ్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్యుడు. స్కాట్లాండులోని గ్లాస్గో, ఎడిన్‌బరోలలో కొంతకాలం చదివి, ఆపై బెర్లిన్‌లో వైద్యవిద్య పూర్తిచేసి 1866లో పట్టా పొందాడు. ఆ పట్టాకై లాటిన్ భాషలో సమర్పించిన సిద్ధాంత వ్యాసానికి విషయం ప్రాచీన భారతీయుల శస్త్రచికిత్స కావడం విశేషం. తరువాత సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు లాంగెన్‌బెక్ వద్ద సహాయకుడిగా పనిచేశాడు.

ఉద్యోగ జీవితం

1875లో రోస్టాక్, 1882లో బాన్, 1895లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయాలలో శస్త్రచికిత్సా శాస్త్ర ఆచార్య పదవిని చేపట్టాడు. 1911లో పదవీ విరమణ చేశాడు. 1872లో ఏర్పడిన జర్మన్ శస్త్రవైద్య సంఘం వ్యవస్థాపకులలో ఈయన ఒకడు. కటిలోని అవయవాలకు శస్త్రచికిత్స చేసేటప్పుడు పేగులు అడ్డురాకుండా ఉండడానికి తల పల్లపు భంగిమను వాడాడు. ఆ భంగిమలో పేగులు వాటి బరువుతోనే ఉదర వితానం వైపు జారిపోతాయి.

తుంటి పరీక్ష

పుట్టుకతోనే తుంటి కీలు తొలగినవారు బాతులాగా అటూ ఇటూ ఊగుతూ నడుస్తారు. తొడ ఎముక తల కీలు గుంతలో నిలవక, అడుగడుగునా పైకీ క్రిందికీ జారడమే ఇందుకు కారణమని పూర్వం వైద్యులు భావించేవారు. ట్రెండెలెన్‌బర్గ్ అటువంటి రోగుల నడకను, ఒంటికాలిపై వారు నిలబడే తీరును వెనుకనుండి పరిశీలించి, అసలు లోపం కండరాలు పనిచేసే తీరులో ఉన్నదని గ్రహించాడు.

కటి ఎముక వెలుపలి తలం నుండి తొడ ఎముక పైభాగంలోని పెద్ద బుడిపె వరకు గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్ అనే కండరాలు వ్యాపించి ఉంటాయి. ఒక కాలు పైకి ఎత్తినప్పుడు శరీర భారం వలన ఆ వైపు కటి క్రిందికి వాలబోతుంది. నేలపై ఆనిన కాలి వైపు ఉన్న ఈ కండరాలు కటిని తమ వైపుకు లాగి, దానిని సమతలంగా నిలుపుతాయి. త్రాసుకు ఇరుసు ఎలాగో ఈ పనికి తొడ ఎముక తల అలాగ ఆధారం. కీలు తొలగినప్పుడు ఆ ఆధారం పోయి, కండరాల పట్టు సడలుతుంది. అప్పుడు ఎత్తిన కాలి వైపు కటి క్రిందికి వాలుతుంది. ఇదే ట్రెండెలెన్‌బర్గ్ గుర్తు. వాలిన కటి క్రిందికి పడిపోకుండా రోగి మొండెమును నిలబడిన కాలి వైపుకు వంచుతాడు. ఆ ఊగుడు నడకకు కారణమిదే.

కటి వాలినది ఒక వైపైతే, లోపం ఉన్నది నిలబడిన కాలి వైపున అని విద్యార్థులు గమనించాలి. పోలియో, ఈ కండరాలకు వెళ్ళే నరం దెబ్బతినడం, తొడ ఎముక మెడ వంకర వంటి స్థితులలోనూ ఈ గుర్తు కనిపిస్తుంది. తీవ్రమైన నొప్పి ఉన్నవారిలోనూ, ఒంటికాలిపై నిలదొక్కుకోలేనివారిలోనూ ఈ పరీక్ష పొరపాటు ఫలితం ఇవ్వవచ్చు.

ఈ వ్యాసం వెలువడిన 1895లోనే, నవంబరు నెలలో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. అనగా బ్రతికి ఉన్న మనిషి ఎముకలను చూడగల సాధనం లేని రోజులలోనే ట్రెండెలెన్‌బర్గ్ కేవలం కంటిచూపుతో, శరీర నిర్మాణ జ్ఞానంతో ఈ నిర్ణయానికి వచ్చాడు.

చివరి దశ

ఊపిరితిత్తుల ధమనిలో అడ్డుపడిన రక్తపు గడ్డను తొలగించే శస్త్రచికిత్సను 1908లో ప్రతిపాదించాడు. కాని ఈయన చేతులమీదుగా ఆ చికిత్స పొందినవారెవరూ కోలుకోలేదు. 1924లో మార్టిన్ కిర్ష్నర్ అనే శస్త్రవైద్యుడు దానిని తొలిసారి విజయవంతంగా చేశాడు. అదే సంవత్సరం డిసెంబరు 15న, 80 ఏళ్ళ వయసులో, దవడ ఎముక క్యాన్సరుతో ట్రెండెలెన్‌బర్గ్ బెర్లిన్‌లో మరణించాడు.