ప్రభుత్వాలకు వినతి పంపిన 24 ఏళ్ల యువకుడు

అక్టోబరు 2 - గాంధీ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం

మహాత్మా గాంధీ పేరు వినగానే చేతికర్ర, కొల్లాయి, బోసినవ్వుతో కూడిన వృద్ధమూర్తి మన కనుల ముందు సాక్షాత్కరిస్తారు. ఉప్పు సత్యాగ్రహం నాటికి ఆయన వయస్సు 60 సంవత్సరాలు. క్విట్ ఇండియా ఉద్యమం నాటికి 72 సంవత్సరాలు. జాతి హృదయంలో స్థిరపడిన రూపం అదే. అయితే అంతకు ఎన్నో ఏళ్ల క్రితం, 1894లో, ఏ పదవీ లేని, ఏ ప్రభుత్వమూ ప్రతినిధిగా పంపని 24 ఏళ్ల యువ న్యాయవాదిగా ఆయన ఒక అంతర్జాతీయ విధాన సమస్యలో తలదూర్చారు. దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలస ప్రభుత్వం, లండన్‌లోని బ్రిటిష్ ప్రభుత్వం, కలకత్తా కేంద్రంగా ఉన్న నాటి భారత ప్రభుత్వం - ఈ మూడింటి నిర్ణయాలపై ఆధారపడిన వేలాది ప్రవాస భారతీయుల పక్షాన గళమెత్తారు. విధాన రూపకల్పనలో యువత పాత్ర గురించి ప్రపంచమంతటా చర్చ జరుగుతున్న ఈ తరుణంలో ఆ యువ గాంధీ జీవితఘట్టాన్ని మననం చేసుకోవడం సముచితం.

బాల్యం, విద్యాభ్యాసం

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో కరంచంద్, పుత్లీబాయి దంపతులకు జన్మించారు. తండ్రి పోర్‌బందర్ సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1888 సెప్టెంబరులో న్యాయశాస్త్ర అధ్యయనం కోసం గాంధీ ఇంగ్లండు బయలుదేరి వెళ్లారు. లండన్‌లో ఉండగా శాకాహార సంఘం కార్యవర్గంలో సభ్యుడయ్యారు. సమావేశాలకు క్రమం తప్పక హాజరైనా, లేచి నిలబడి మాట్లాడడానికి ఆయనకు నోరు పెగిలేది కాదు. ఒక సందర్భంలో తన అభిప్రాయాన్ని కాగితంపై రాసుకుని వెళ్లినా చదవలేక మరొకరి చేత చదివించుకున్నారు. 1891 జూన్‌లో బారిస్టరు పట్టా పుచ్చుకుని స్వదేశానికి తిరిగి వచ్చారు. బొంబాయి న్యాయస్థానంలో చేపట్టిన తొలి కేసులోనే సాక్షిని ప్రశ్నించలేక కూర్చుండిపోయారు. ఇటువంటి బిడియస్తుడు రెండు మూడేళ్లలోనే ఒక ప్రవాస సమాజానికి వాణిగా నిలవడం ఆలోచింపదగిన విషయం.

నేటాల్‌లో భారతీయుల స్థితిగతులు

దాదా అబ్దుల్లా అండ్ కంపెనీ అనే గుజరాతీ వర్తక సంస్థకు చెందిన ఒక వ్యాజ్యంలో సహాయపడేందుకు, ఒక్క సంవత్సరం ఒప్పందంపై, 105 పౌండ్ల ప్రతిఫలానికి గాంధీ 1893 మే నెలలో డర్బన్ రేవులో దిగారు. అప్పటికి ఆయన వయస్సు 23 సంవత్సరాలు.

నేటాల్ చెరకు తోటలలో పనిచేయడానికి భారతీయ ఒప్పంద కూలీలను తరలించడం 1860లో ప్రారంభమైంది. తొలి నౌక ట్రూరో మద్రాసు రేవు నుంచే బయలుదేరి ఆ ఏడాది నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు ఈ విధంగా సుమారు 1,52,000 మంది నేటాల్ చేరారు. వీరిలో అధిక సంఖ్యాకులు మద్రాసు మీదుగా వెళ్లినవారే. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాట్ వంటి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు వీరిలో ఎన్నో ఉన్నాయి. గాంధీజీ తొలి ప్రజాజీవిత పోరాటం మన పూర్వికుల కోసం కూడా జరిగిందన్న సంగతి తెలుగువారు గుర్తుంచుకోదగినది.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో మొదటి తరగతి రైలు పెట్టె నుంచి ఆయనను గెంటివేసిన ఉదంతం జగద్విదితం. ఆ అవమానం తరువాత ఆయన చేసిన పని అంతగా ప్రచారంలోకి రాలేదు. ప్రిటోరియా చేరుకున్న కొద్ది రోజులకే అక్కడి భారతీయులను సమావేశపరచి వారి కష్టనష్టాలను అడిగి తెలుసుకున్నారు. భారతీయులకు వర్తించే చట్టాలన్నింటినీ చదివారు. వచ్చిన పని అయిన వ్యాజ్యాన్ని ఉభయ పక్షాల నడుమ మధ్యవర్తిత్వం ద్వారా పరిష్కరింపజేశారు. అంతేగాక, ఓడిన పక్షం దివాలా తీయకుండా వాయిదాలలో సొమ్ము చెల్లించేందుకు గెలిచిన పక్షాన్ని ఒప్పించారు. దౌత్యనీతిలో ఆయన నేర్చిన మొదటి పాఠం అదే.

వీడ్కోలు విందు నుంచి వినతిపత్రం దాకా

1894లో స్వదేశానికి తిరుగు ప్రయాణమవుతుండగా మిత్రులు ఏర్పాటు చేసిన వీడ్కోలు సమావేశంలో గాంధీ దృష్టి ఒక దినపత్రికలోని చిన్న వార్తపై పడింది. భారతీయుల ఓటు హక్కును రద్దుచేసే బిల్లు నేటాల్ శాసనసభలో పరిశీలనలో ఉన్నదన్నది ఆ వార్త సారాంశం. దాని పర్యవసానాలను ఆయన వివరించగా, అక్కడ చేరిన వర్తకులు మరొక నెల ఉండిపొమ్మని కోరారు. ప్రజాసేవకు రుసుము తీసుకోనన్న షరతుపై ఆయన అంగీకరించారు.

ఆ రాత్రే పని మొదలైంది. బిల్లుపై చర్చను వాయిదా వేయవలసిందిగా శాసనసభ స్పీకరుకు తంతి పంపగా రెండు రోజుల గడువు లభించింది. జూన్ 28న సుమారు 500 మంది సంతకాలతో శాసనసభకు వినతిపత్రం సమర్పించారు. భారతీయులకు ప్రాతినిధ్య సంస్థల అనుభవం లేదన్న వాదనకు మన గ్రామ పంచాయతీలను, మైసూరు ప్రజా ప్రతినిధి సభను ఉదాహరణలుగా చూపి సమాధానమిచ్చారు. అయినప్పటికీ బిల్లు ఆమోదం పొందింది.

నేటాల్ సభ ఆమోదించిన చట్టానికి బ్రిటిష్ ప్రభుత్వ సమ్మతి అవసరం. అందువల్ల గాంధీ వలస రాజ్యాల మంత్రి లార్డ్ రిపన్‌కు మరొక వినతిపత్రం రూపొందించారు. భారతదేశానికి పూర్వం వైస్రాయిగా పనిచేసిన రిపన్‌కు ఇక్కడి పరిస్థితులు తెలుసు. కేవలం పదిహేను రోజులలో 10,000 మంది సంతకాలు సేకరించారు. వర్తకులు తమ సొంత బండ్లపై, అద్దె బండ్లపై పల్లెపల్లెకూ తిరిగారు. వినతిపత్రంలోని విషయం పూర్తిగా అర్థం చేసుకోనివారి సంతకం తీసుకోరాదని గాంధీ నియమం విధించారు. ప్రతులను ముద్రింపించి భారతదేశంలోని, ఇంగ్లండులోని పత్రికలకు, ప్రముఖులకు పంపారు. ఇరుదేశాల పత్రికలూ ఈ వినతిని సమర్థించాయి.

ఫలితంగా బ్రిటిష్ ప్రభుత్వం ఆ బిల్లుకు సమ్మతి తెలుపలేదు. అయితే ఇది సంపూర్ణ విజయం కాదు. 1896లో నేటాల్ ప్రభుత్వం జాతి పేరు ఎత్తకుండా, పార్లమెంటరీ ఎన్నికల వ్యవస్థ లేని దేశాలవారికి ఓటు ఉండదంటూ మరొక చట్టం తెచ్చింది. అది లండన్ ఆమోదం పొందింది. పేరు మారినా పర్యవసానం ఇంచుమించు అదే.

సంస్థ నిర్మాణం, యువతకు స్థానం

ఒక్క వినతిపత్రంతో సమస్య తీరదని గ్రహించిన గాంధీ అక్కడే స్థిరపడి న్యాయవాద వృత్తి చేపట్టారు. 1894 ఆగస్టు 22న నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఆవిర్భవించింది. దానికి ఆయన గౌరవ కార్యదర్శి. ప్రతి చందాకూ రశీదు, ప్రతి ఖర్చుకూ లెక్క ఉండాలని పట్టుబట్టారు. నేటాల్‌లోనే పుట్టి పెరిగిన భారతీయ యువకుల కోసం ప్రత్యేకంగా ఒక విద్యా సంఘం ఏర్పాటైంది. యువకులు తమ సమస్యలను చర్చించుకోవడానికి, పెద్దల ఎదుట నిర్భయంగా మాట్లాడడం నేర్చుకోవడానికి అది వేదికగా ఉపకరించింది. ఒకనాడు లండన్‌లో మాట్లాడలేకపోయిన యువకుడే ఇతర యువకులకు మాట్లాడే అవకాశం కల్పించారు.

ఒప్పంద కాలం ముగిసిన కూలీలపై తలకు సాలీనా 25 పౌండ్ల పన్ను విధించాలని నేటాల్ ప్రభుత్వం తలపెట్టింది. కూలీల సరఫరా భారత ప్రభుత్వం చేతిలో ఉన్నందున దాని అనుమతి అవసరమైంది. వైస్రాయి లార్డ్ ఎల్గిన్ 25 పౌండ్లను తిరస్కరించి 3 పౌండ్లకు సమ్మతించారు. నిరుపేద కూలీ కుటుంబానికి అదీ మోయలేని భారమే. నేటాల్ కాంగ్రెస్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించింది.

1896లో గాంధీ భారతదేశానికి వచ్చి ప్రవాసుల దుస్థితిపై ఒక చిన్న పుస్తకం రాశారు. ఆకుపచ్చ అట్ట కారణంగా అది హరిత పత్రంగా ప్రసిద్ధి చెందింది. రాజ్‌కోట్‌లో 10,000 ప్రతులు అచ్చువేయించి, వాటిని చుట్టి తపాలాకు సిద్ధం చేసే పనిని పరిసరాల్లోని బాలురకు అప్పగించారు. వాడిన తపాలా బిళ్లలను వారికి బహుమానంగా ఇచ్చారు. అక్టోబరు 26న మద్రాసు పచ్చయప్ప హాలులో జరిగిన సభలో ప్రసంగించారు. అక్కడ ఆ పుస్తకానికి ఎంతో గిరాకీ ఏర్పడింది.

పుస్తకంలోని విషయాలు వక్రీకరణకు గురై నేటాల్ చేరడంతో అక్కడి శ్వేతజాతీయులు ఆగ్రహించారు. 1897 జనవరి 13న డర్బన్‌లో నౌక దిగిన గాంధీపై అల్లరి మూక దాడి చేసింది. పోలీసు సూపరింటెండెంటు సతీమణి శ్రీమతి అలెగ్జాండర్ తన గొడుగు అడ్డుపెట్టి ఆయనను కాపాడారు. దోషులను శిక్షించవలసిందిగా లండన్ నుంచి ఆదేశం వచ్చినా, వారిపై ఫిర్యాదు చేయడానికి గాంధీ నిరాకరించారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు.

సుదీర్ఘ పోరాటం, పాక్షిక ఫలితం

1906లో ట్రాన్స్‌వాల్ భారతీయుల ప్రతినిధిగా హాజీ వజీర్ అలీతో కలిసి గాంధీ లండన్ వెళ్లారు. అప్పటి వలస రాజ్యాల మంత్రి మరెవరో కాదు, పూర్వం 3 పౌండ్ల పన్నుకు సమ్మతించిన లార్డ్ ఎల్గినే. ఆసియావాసుల నిర్బంధ నమోదు ఆర్డినెన్సుకు ఆమోదం లభించలేదు. అయితే ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన దక్కిన వెంటనే, 1907లో అదే నిబంధన చట్టరూపం దాల్చింది. వినతి మాత్రమే చాలదని తేలిన చోట సత్యాగ్రహం ఆరంభమైంది.

1911 జులై నుంచి నేటాల్‌కు ఒప్పంద కూలీల వలసను భారత ప్రభుత్వం నిలిపివేసింది. 1913 నవంబరులో 2,037 మంది పురుషులు, 127 మంది మహిళలు, 57 మంది పిల్లలు గాంధీ వెంట ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. ఆ ఉద్యమంలో జైలుకెళ్లి జ్వరపీడితురాలై వచ్చిన 16 ఏళ్ల వల్లియమ్మ 1914 ఫిబ్రవరిలో ప్రాణత్యాగం చేసింది. అదే సంవత్సరం వెలువడిన చట్టం 3 పౌండ్ల పన్నును రద్దుచేసింది. పన్ను పుట్టిన నాటి నుంచి రద్దయ్యే దాకా దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది.

ఆ నాటి గాంధీకి పరిమితులు లేకపోలేదు. ఆయన తొలి వినతులు భారతీయుల హక్కులకే పరిమితమయ్యాయి. ఆఫ్రికా ప్రజలను తక్కువ చేసే మాటలు ఆయన తొలి రచనల్లో ఉన్నాయి. చరిత్రకారులు వీటిని సకారణంగానే విమర్శించారు. కాలక్రమంలో ఆయన దృక్పథం విస్తరించింది. నెల్సన్ మండేలా తమ పోరాటంపై గాంధీజీ ప్రభావాన్ని పలుమార్లు స్మరించుకున్నారు.

నేటి యువతకు సందేశం

1894లో డర్బన్‌లో ఆరంభమైన వాదం 1946లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభకు చేరింది. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని భారత ప్రతినిధి వర్గం దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల వివక్షను ప్రశ్నించగా, ఆ ఏడాది డిసెంబరు 8న సభ తీర్మానం ఆమోదించింది. 2007లో అక్టోబరు 2ను అంతర్జాతీయ అహింసా దినంగా సమితి ప్రకటించింది. 2015లో భద్రతామండలి ఆమోదించిన 2250వ తీర్మానం శాంతి, భద్రతల విషయంలో నిర్ణయాలు తీసుకునే చోట యువతకు స్థానం కల్పించాలని సభ్యదేశాలను కోరింది.

వేదికపై కుర్చీ దక్కడం ఒక ఎత్తు. అక్కడ చెప్పవలసిన మాటకు బలం చేకూర్చుకోవడం మరొక ఎత్తు. యువ గాంధీకి కుర్చీ దక్కలేదు. చట్టాలను క్షుణ్ణంగా చదివిన శ్రమ, అర్థం చేసుకుని చేసిన 10,000 సంతకాలు, తేడా లేని లెక్కలు, ఓటమి తరువాతా కొనసాగిన ఓర్పు మాత్రమే ఆయనకున్న అర్హతలు. వాటితోనే సముద్రాల ఆవలి మంత్రులు తన వినతిని చదివేలా చేశారు. జాతిపితకు పూలమాలలు సమర్పించే ఈ శుభదినాన మన యువతీయువకులు ఆ 24 ఏళ్ల కార్యదర్శి రాత్రంతా మేలుకుని రాసిన వినతిపత్రాన్ని కూడా తలచుకుంటే, అదే ఆయనకు సముచితమైన నివాళి.