గోదావరి ఒడ్డు నుంచి లోక్‌సభ పీఠానికి బాలయోగి

ఒంటిమిట్ట: లోక్‌సభ స్పీకరు పీఠాన్ని అధిష్టించిన తొలి దళిత నాయకుడు గంటి మోహనచంద్ర బాలయోగి. పేద ఇంట పుట్టి ఢిల్లీలో అంత ఎత్తుకెదిగిన ఆయన, యాభై ఏళ్లు నిండిన కొద్ది నెలలకే హెలికాప్టరు ప్రమాదంలో కన్నుమూశారు.

ఆయన 1951 అక్టోబరు 1న తూర్పు గోదావరి జిల్లా ఎదుర్లంకలో జన్మించారు. సొంత ఊళ్లో బడి లేదు. ప్రాథమిక విద్యకు గురజనాపల్లి వెళ్లవలసి వచ్చింది. కాకినాడలో పై చదువులు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1980లో కాకినాడలో వకీలుగా స్థిరపడ్డారు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చినా ఎక్కువకాలం ఉండలేదు. ప్రజల మధ్య పని చేయాలని దాన్ని వదిలి వచ్చేశారు.

1987లో జిల్లా పరిషత్తు అధ్యక్షులయ్యారు. 1991లో అమలాపురం నుంచి తెలుగుదేశం పార్టీ తరఫున లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1996లో ఓడిపోయినా, అదే ఏడు ముమ్మిడివరం ఉప ఎన్నికలో శాసనసభకు గెలిచి ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1998లో తిరిగి లోక్‌సభకు వెళ్లి, మార్చి 24న స్పీకరుగా ఎన్నికైనారు. అప్పటికి ఆయన వయసు 46.

1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అనుకూలం 269, వ్యతిరేకం 270. ఆనాడు సభను నడిపింది బాలయోగే. తన పార్టీ బలపరచిన ప్రభుత్వమే పోతున్నా ఆయన పీఠం మర్యాద తప్పలేదు. ఎన్నికల తరువాత అక్టోబరు 22న రెండోసారి స్పీకరయ్యారు.

2002 మార్చి 3 ఉదయం భీమవరం నుంచి హైదరాబాదుకు చిన్న హెలికాప్టరులో బయలుదేరారు. కైకలూరు దగ్గర కొవ్వాడలంక వద్ద అది చేపల చెరువులో కూలింది. బాలయోగితోపాటు పైలటు, అంగరక్షకుడు మరణించారు.

హెలికాప్టరుకు నేల దగ్గరే గండం ఎక్కువ. పైన పెద్ద రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే కింది ఒడలు రెండోవైపు తిరగబోతుంది. తోకకున్న చిన్న రెక్క దాన్ని ఆపుతుంది. పైలటు కాళ్లతో తొక్కే పెడళ్లతో దాన్ని అదుపు చేస్తాడు. ఆ చిన్న రెక్క చెట్టుకో గట్టుకో తగిలిందా, దిశ చేజారి యంత్రం గిర్రున తిరిగిపోతుంది. ఎత్తు లేదు గనుక సర్దుకునే వ్యవధి ఉండదు. నిండిన ఒంటిమిట్ట చెరువులాగా అలలు లేని నీటిపై ఎత్తు అంచనా కూడా చిక్కదు. మెట్టసీమలో దుమ్ము లేచినా చిక్కు అదే.

పెద్దలు హెలికాప్టర్లలో దిగడం మన పల్లెలకు కొత్త కాదు. నేలను నీళ్లతో తడపాలి. గుడ్డలు, కాగితాలు, పట్టలు దగ్గర ఉంచరాదు. పశువులను దూరంగా తోలాలి. తోకవైపు ఎవరూ వెళ్లరాదు.

ఒకప్పుడు పడవే దిక్కైన యానాం, ఎదుర్లంకల నడుమ గోదావరిపై కట్టిన వంతెనకు బాలయోగి పేరు పెట్టారు. ఆయన వెళ్లిపోయినా, నేడు ఆ వంతెన మీదుగా జనం రేవు దాటుతున్నారు.