కలేజీలో దాగిన మందును బయటికి తీసినవాడు: యల్లాప్రగడ సుబ్బారావు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ ఊళ్లోనైనా గర్భిణి ప్రభుత్వ ఆసుపత్రికి పోతే ఆమెకు ఎర్ర మాత్రలు ఇస్తారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం తక్కువ కాకుండా, కడుపులో బిడ్డ వెన్నుపూస, మెదడు సరిగ్గా ఎదిగేలా ఇవి తోడ్పడతాయి. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది తెలుగువాడే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. స్నేహితుల సాయంతో, తర్వాత మామగారి సాయంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్లడం ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, అంతకంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు.

అంతకు మించిన దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. 1922లో భార్య శేషగిరిని పుట్టింట్లో వదిలి సుబ్బారావు అమెరికాలోని బోస్టన్‌కు ఓడెక్కారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు. ఖర్చుల కోసం రాత్రిళ్లు ఆసుపత్రిలో పనివాడిగా చేశారు.

అక్కడి నుంచి ఆయన పనంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది. ఏది దేంట్లో కరుగుతుంది, ఏది కరగదు? ఇది మన వంటింట్లో ఉన్న ప్రశ్నే. ఇఫ్తార్‌కు షర్బత్ కలిపేటప్పుడు చక్కెర నీళ్లలో కరిగి కనపడకుండా పోతుంది. కనపడనంత మాత్రాన లేనట్టు కాదు, తియ్యదనం చెబుతుంది ఉందని. నెయ్యి మాత్రం ఎంత కలిపినా నీళ్లపైనే తేలుతుంది. చక్కెరయినా ఒక హద్దు వరకే కరుగుతుంది, ఆపైన గ్లాసు అడుగున మిగిలిపోతుంది. నీళ్లు వేడిచేస్తే ఇంకాస్త కరుగుతుంది. బడిలో కరిగేదాన్ని ద్రావితం అనీ, కరిగించుకునేదాన్ని ద్రావణి అనీ, రెండూ కలిసినదాన్ని ద్రావణం అనీ చెబుతారు.

రక్తం, కండ రసం కూడా ఇలాంటి కలగలుపులే. వాటిలో కరిగిపోయిన ఫాస్ఫరస్‌ను కొలవడానికి సుబ్బారావు తన గురువు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. మందు కలిపితే ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. కండ రసంతో చేసి చూస్తే నీలం ఒక్కసారిగా రాకుండా మెల్లమెల్లగా ముదిరింది. అంటే ఏదో పదార్థం ఆ ఆమ్లంలో విడిపోతూ ఫాస్ఫరస్‌ను కొంచెం కొంచెంగా వదులుతోంది. అలా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో కండరానికి శక్తినిచ్చే ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు.

అప్పటికే లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనత ఈస్ట్‌తో తగ్గుతుందని చూపించి ఉన్నారు. కలేజీలోనూ అలాంటి గుణం ఉందని తెలుసు. ఆ గుణం ఇచ్చే పదార్థమేదో తెలియదు. 1941లో అమెరికాలోనే వేరే బృందం నాలుగు టన్నుల పాలకూర నుంచి కాస్తంత తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టింది. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు.

మణుగుల కొద్దీ సరుకులో చిటికెడు పదార్థాన్ని పట్టడం ఎలా? కరగడం, కరగకపోవడమే అక్కడ తాళం చెవి. శుద్ధమైన ఫోలిక్ యాసిడ్ పసుపు పొడి. మామూలు నీళ్లు లీటరు పోసినా రెండు మిల్లీగ్రాములు కూడా కరగదు. అదే వంటసోడాలాంటి క్షారం కలిపిన నీళ్లలో సులువుగా కరుగుతుంది. మళ్లీ ఆమ్లం కలిపితే కరిగింది కాస్తా కిందికి దిగిపోతుంది. ఇలా కరిగించి, దించి, వడకట్టి, మళ్లీ కరిగిస్తూ పోతే మిగతా చెత్త వదిలిపోతుంది. సుబ్బారావు బృందం కలేజీ నుంచి దాన్ని వేరుచేసి, నిర్మాణం తేల్చి, 1945లో స్వయంగా తయారుచేసింది. ఆ మందుతో స్ప్రూ రోగులు కోలుకున్నారు. సోదరులను తీసుకుపోయిన జబ్బు అదే.

ఆకుకూరల్లో సహజంగా ఉండే ఫోలేట్ మాత్రం నీళ్లలోకి దిగిపోతుంది, ఎక్కువసేపు ఉడికితే పాడవుతుంది కూడా. కాబట్టి తోటకూర, పాలకూర ఉడికించిన నీళ్లు పారబోయకుండా పప్పులోనో సాలన్‌లోనో కలుపుకోవడం మేలు.

ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోటెరిన్ కూడా ఆయన ప్రయోగశాలలోనే తయారైంది. దాంతో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు మొదటిసారి కొంత ఉపశమనం ఇవ్వగలిగారు. బోదకాలుకు ఇప్పటికీ ఇచ్చే డీఈసీ మాత్ర, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన నడిపిన పరిశోధనలో వచ్చినవే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే పోయారు. ఓడెక్కిన తర్వాత ఆయన మళ్లీ భారతదేశానికి రాలేదు. శేషగిరి గారు భర్తను మళ్లీ చూడలేదు. పుట్టి నూరేళ్లయిన 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.