సవర నుడికి అక్షరం కట్టిన గిడుగు

రాజమహేంద్రవరం అనగానే నన్నయ గుర్తుకు వస్తాడు, వీరేశలింగం పంతులుగారు గుర్తుకు వస్తారు. రాతే లేని ఒక కొండభాషను కాగితం మీదికి తెచ్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు కూడా చివరి ఏళ్లలో ఈ ఊళ్లోనే ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. ముఖలింగం గుడిలోని శాసనాల పాత లిపిని సొంతంగా కూడబలుక్కుని చదవనేర్చారు.

ఆ చుట్టుపట్ల కొండల్లో ఉండే సవరల భాషకు మాత్రం చదవడానికి రాతే లేదు. తెలుగుతో చుట్టరికం లేని ముండా భాష అది. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన దానిని నేర్చుకున్నారు. విన్నది విన్నట్టు రాసుకున్నారు. తెలుగు అక్షరాలతో సవర వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. సవర మాటల్లో గొంతులో ఠక్కున ఆగిపోయే పలుకు ఒకటి ఉంది. దానికి మన అక్షరమాలలో గుర్తు లేదు. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసిన ఆయన ఇంగ్లీషు గ్రంథంలో సవర మాటలను రోమన్ అక్షరాలతో, ప్రత్యేక గుర్తులు చేర్చి రాశారు.

ఈ పనికి ఆయన పెట్టిన ఖర్చు డబ్బు ఒక్కటే కాదు. మన్యపు జ్వరాలకు క్వినైను మింగి మింగి చెవుడు వచ్చింది. చెవితో విని రాసే మనిషికి చెవులే పోయాయి. అయినా కలం దించలేదు.

జనం నోటి మాటకు రాతలో చోటుండాలన్నదే తెలుగు విషయంలోనూ ఆయన పట్టు. 1919లో రాజమండ్రిలో వాడుకభాష కోసం సమాజం ఏర్పడినప్పుడు వీరేశలింగం అధ్యక్షులు, గిడుగు కార్యదర్శి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో కలిసింది. అది సహించలేక, అర్ధశతాబ్దానికి పైగా ఉన్న ఊరిని వదిలి ఆయన రాజమండ్రి వచ్చేశారు. సవర పల్లెలు వెనకే ఉండిపోయాయి. అదే ఏడు ఒరిస్సా వైపు సవరల్లోనే మంగేయి గొమాంగో అనే ఆయన తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే కొత్త లిపిని రూపొందించారు. ఆంధ్ర వైపు సవర పిల్లల వాచకాలకు తెలుగు లిపినే వాడారు.

పంతులుగారు 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం. ఆనాడు మన బడుల్లో పిల్లలకు సవర నుడి కథ కూడా చెబితే ఆ పండుగకు నిండుదనం వస్తుంది.