ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

కుందూనది పాఱు నల్లరేగడి భూములకు రేనాడని పేరు. ఆళ్ళగడ్డ, కోవెలకుంట్ల ప్రాంతములు ఈ సీమలోనివే.  కోవెలకుంట్లకు సమీపమున నున్న ఉయ్యాలవాడ యను గ్రామము నరసింహారెడ్డి పేరుతో ప్రసిద్ధి కెక్కినది. అతడు పాలెగాండ్ర వంశమువాడు.

1800లో నైజాము ప్రభువు ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. అంతకు పూర్వము పాలెగాండ్రు తమ పాళెములను తామే యేలుకొనుచుండిరి. కంపెనీ కలెక్టరగు మన్రో వారి యధికారమును తొలగించి, కొందఱకు భరణము లేర్పఱచెను. నరసింహారెడ్డి కుటుంబమునకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు మాత్రమే మిగిలెను. ఆ స్వల్పమైన సొమ్మును తెచ్చుటకు తాను పంపిన మనిషిని కోవెలకుంట్ల తహసీలుదారు అవమానించెనని జనులు చెప్పుకొందురు.

ఈ కష్టము అతని యొక్కనిదే కాదు. గ్రామములకు కావలి కాయు కట్టుబడి బంట్లు తరతరములుగా మాన్యములు అనుభవించుచుండిరి. మాన్యముగలవాడు మరణించినచో కంపెనీవారు ఆ భూమిని స్వాధీనము చేసికొనసాగిరి. తండ్రి పోయిన దుఃఖముతోపాటు బిడ్డలకు కూడు పోయిన దుఃఖమును కలిగెను. వారందఱు నరసింహారెడ్డి నాశ్రయించిరి.

1846 జులైలో అతడు వారిని వెంటబెట్టుకొని కోవెలకుంట్లపై దాడి చేసెను. ఖజానా కొల్లబోయెను. తరువాత మిట్టపల్లెలో కొందఱు ఉద్యోగులు హతులైరి. రుద్రవరము దోపిడికి గుఱియయ్యెను. కంపెనీ కొలువున పొట్టపోసికొను మనదేశపు చిరుద్యోగుల యిండ్లకును ఆ దినములలో ఆపద వచ్చెను. కంపెనీ సేన వెంటనంటగా గిద్దలూరు ప్రాంతమునను, నల్లమల యడవులలోను కొన్ని నెలలు పోరు సాగెను. తుదకు ఆ సంవత్సరమే అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడెను.

పిదప ప్రభుత్వము తన కోపమును పల్లెలపై చూపెను. సుమారు వేయిమందిపై వారంటులు పుట్టెను. వారిలో 412 మందిపై ఏ నేరమును మోపలేక విడిచిపెట్టిరి. 273 మందిని జామీనుపై వదలిరి. 112 మందికి శిక్షలు పడెను. దోషి యెవడో, నిర్దోషి యెవడో తేలువఱకు ఎన్ని కుటుంబములు భయముతో దినములు గడపెనో ఊహింపవచ్చును. దాడి చేసినవారెవరని అధికారులు గట్టిగా విచారించిరి. మాన్యములు పోయిన బంట్ల కడుపుమంటను మాత్రము అంత గట్టిగా విచారింపలేదు.

1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో నరసింహారెడ్డిని బహిరంగముగా ఉరితీసిరి. రెండువేలకు మించిన జనులు ఆ ఘోరమును చూచుచు నిలిచిరి. అంతటితో పాలకులు తృప్తి చెందలేదు. అతని శిరస్సును కోటగుమ్మమునకు వ్రేలాడదీయించిరి. 1877 వఱకు అది యచటనే యుండెనందురు. ఆ యేడు పుట్టిన శిశువు ముప్పది యేండ్లవాడగునంతకాలము, సంతకు వచ్చు రైతులు దానిని చూచుచు పోవలసి వచ్చెను. ఆ దృశ్యమును చూచినవారెవ్వరును మరల తలయెత్తరాదని పాలకుల తలంపు.

కాని ప్రజలు మఱియొక విధముగా తలంచిరి. వారికి సేనలు లేవు, న్యాయస్థానములు లేవు, పాట యున్నది. ఊరూర తిరుగు గాయకులు నరసింహారెడ్డి కథను పాడిరి. తల్లులు బిడ్డలకు వినిపించిరి. పాలకులు నేరస్థుడని చాటిన యతనిని ఆ పాటలు వీరునిగా నిలిపెను. శిరస్సును చూచి భయపడిన తరము గతించినను పాట గతింపలేదు.

2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కర్నూలు సమీపమున ఓర్వకల్లులోని విమానాశ్రయమునకు అతని పేరు పెట్టెను. ఒక ప్రభుత్వము గుమ్మమున వ్రేలాడదీసినవానిని మఱియొక ప్రభుత్వము గౌరవించుటకు నూటడెబ్బది నాలుగేండ్లు పట్టెను. దండనము జనుల నోళ్ళను కొంతకాలము మూయింపగలదు. వారి కష్టమునకు కారణమును వెదకి తొలగించు పాలకుడే వారి మనస్సులను గెలువగలడు.